కనకరత్నం గారి మందుల క్లాసు

సిస్టర్ కనకరత్నం గారి రోజు "చెయ్యి తెరువు" అన్న మాటతో మొదలయ్యేది. మగవార్డు గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చే ప్రతి ఆయా చేతినీ తెరిపించి చూసేవారు. ఆరుగురు రోగుల మాత్రలు ఒకే గుప్పిట్లో, చెమటకి తడిసి, ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. ఏది ఎవరిదని అడిగితే, "ఈ సిన్నది మూడో మంచానిదమ్మా, ఈ ఎర్రది కిటికీ కాడ ముసలాయనది, ఇంక ఈ రెండూ... ఎవులికో ఒకలికి ఇచ్చీడమే కదేటి" అని నవ్వేవారు.

ఆమె ఆ మాత్రలన్నీ లాక్కుని, మందుల గది కిటికీలోంచి నా బల్ల మీద కుమ్మరించేవారు.

"చూడండి కాంపౌండరు గారూ, పొద్దుటినుంచీ కూర్చుని మీరు కట్టిన పొట్లాలు. మరమరాలు కలిపినట్టు కలిపేశారు. మళ్ళీ కట్టండి. ఆ పుస్తకం కాసేపు మూసి కట్టండి."

నేను పుస్తకం మూసేవాణ్ణి.

అది రేవు కాంట్రాక్టర్లు కొందరు కలిసి కూలీల కోసం నడిపిన అరవై మంచాల ఆసుపత్రి. ఇప్పుడు లేదు. దాని స్థలంలో గోడౌన్లు వచ్చాయి. డెబ్బై రెండులో కృష్ణా జిల్లా నుంచి వచ్చి నేను అక్కడ చేరాను. మాట తక్కువ మనిషిని కనుక ఎవరైనా వచ్చి నా కిటికీ దగ్గర తమ గోడు చెప్పుకుని పోయేవారు. డెబ్బై అయిదులో మగవార్డు హెడ్ సిస్టరుగా వచ్చిన కనకరత్నం గారు ఆ పని అందరికన్నా ఎక్కువ చేశారు. నర్సాపురం మనిషి. అప్పటికే నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

వార్డులో చదువుకున్న నర్సులు ముగ్గురే. మందుని రోగి నోటిదాకా తీసుకెళ్ళేది ఆయాలూ, సహాయకులూ. వాళ్ళకి ఎవరూ ఎప్పుడూ ఏమీ నేర్పలేదు. అందుకని ఆమె ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, దుప్పట్లు దాచే గదిలో క్లాసు పెట్టారు. ఆఫీసువారు సరేనన్నారు గాని బల్లలు ఇవ్వలేదు. ఎనిమిది మందీ దుప్పటి మూటల మీద కూర్చునేవారు. విశాఖపట్నం ఉక్కపోతలో, అన్నం తిన్న మీదట, మూట మీద కూర్చున్నవాడికి నిద్ర రాక ఏం వస్తుంది? మాత్రలకి బదులు ఆమె పిప్పరమెంటు బిళ్ళలు తెచ్చి పాఠం చెప్పేవారు. పాఠం సగంలో ఉండగానే సగం బిళ్ళలు మాయమయ్యేవి.

నా గది ఆ గదికి ఆనుకుని ఉండేది. గోడ పలచన. అన్నీ వినిపించేవి.

"సాయంత్రం ఇవ్వాల్సిన మాత్ర పొద్దున్నే ఎందుకిచ్చావ్?"

"సాయంత్రం నాకు సెలవు కదమ్మా. మాట రాకుండా రెండూ ఒకపాలే మింగించీసినాను."

"చెంచాడు మందు అన్నాను. ఏ చెంచాతో పోశావ్?"

"ఆ బాబు ఇంటి కాడ్నుంచి తెచ్చుకున్నదమ్మా."

"అది చెంచాటమ్మా? గరిటె! పులుసు వడ్డించే గరిటె!"

అందరికన్నా పెద్దది, పాతూరు నుంచి వచ్చే రసూల్ బీ. ఆమెకి సిస్టరంటే భయం లేదు.

"మాత్ర చేదని ఊసేస్తన్నాడు సిస్టరమ్మా. అందుకే బెల్లం ముక్కలో పెట్టి ఇచ్చినాను. చక్కగా మింగినాడు."

"ఎవరు?"

"ఆ గవర్రాజే. షుగరు బాబు."

క్లాసు అయిపోయాక ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, "షుగరు మనిషికి షుగరు బిళ్ళ బెల్లంలో పెట్టి ఇచ్చిందండీ" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

రెండేళ్ళు గొంతు చించుకున్నాక ఆమె పాఠమంతా మూడు పనులకి కుదించారు. ఒకటి, ఏ మాత్రా విడిగా చేత్తో పట్టుకెళ్ళకూడదు. మనిషికో పొట్లం, పొట్లం మీద పేరు. రెండు, పేరు గట్టిగా పిలవాలి, పలికిన మనిషికే ఇవ్వాలి. మూడు, మింగేదాకా అక్కడే నిలబడాలి. మింగాక రిజిస్టరులో టిక్కు పెట్టాలి. మనిషి లేకపోతే అతని పేరు ఎదురుగా ఎర్ర సిరాతో ఇంటూ. పొట్లాల మీద పేర్లు రాయడం నా వంతు. మూడు వార్డులకీ అలా రాయమని ఎవరైనా అంటే నా వేళ్ళు వంగిపోతాయని అనుకునేవాణ్ణి. మగవార్డుకి మాత్రం రాశాను, ఆమె పోరు పడలేక.

ఏడాదిపాటు అంతా బాగా నడిచింది. మాట్రన్ గారు రిటైరు కాబోతున్నారు. ఆ కుర్చీ కనకరత్నం గారిదేనని ఆఫీసులో అనుకునేవారు. "నాకు కుర్చీ ఎందుకండీ, మూడు వార్డులకీ ఒకటే పద్ధతి పెట్టొచ్చు, అందుకు" అనేవారామె. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం విసుగు లేని మొహం కనిపించేది.

ఆ ఏడాదే చిట్టెమ్మ వచ్చింది. భర్త ఓడలో సరుకు దింపుతూ జారి పడి చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. అతను పని చేసిన కాంట్రాక్టు కంపెనీవారు జాలిపడి టెంపరరీ సహాయకురాలి పని ఇప్పించారు. క్లాసులో పిప్పరమెంటు తినని మనిషి ఆమె ఒక్కతే. చెప్పింది చెప్పినట్టు పట్టుకునేది. ఎంత పట్టుకునేదంటే, దుమ్ముకి దగ్గుతూ, "దగ్గొచ్చినప్పుడు పొట్లం కింద పెట్టాలేటమ్మా?" అని అడిగేది. సిస్టరు తల పట్టుకునేవారు. అయినా ఆడవార్డులో ఆర్నెల్లు పని చేయించి, డెబ్బై ఎనిమిది వేసవిలో ఆమెని మగవార్డుకి తెచ్చుకున్నారు.

వచ్చిన మూడో రోజు పొద్దున ఏడింటికి చిట్టెమ్మ పొట్లాలు పంచింది. ఆ వార్డులో ఇంకా ఎవరి మొహమూ ఆమెకి తెలియదు. తొమ్మిది దాటాక పన్నెండో మంచం మీది చలమయ్యకి ఒళ్ళంతా చెమట్లు పట్టాయి. అతనికి ఆ మధ్యాహ్నం గిలక ఆపరేషను, డాక్టర్ల భాషలో హెర్నియా. ముందురాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. మాటలు తడబడ్డాయి. దుప్పటి లాగుతూ, "తాడు వదలండిరా, మూట ఎల్లిపోతంది" అని అరిచాడు. ఆ తర్వాత పలకలేదు. డ్యూటీ డాక్టరు కుర్రవాడైనా తెలివైనవాడు. కనురెప్పలు ఎత్తి చూసి, నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. పావుగంటకి చలమయ్య కళ్ళు తెరిచి, అందరూ తన చుట్టూ ఎందుకున్నారో అర్థంకాక సిగ్గుపడ్డాడు. సాయంత్రందాకా గ్లూకోజు సీసా దించలేదు. ఆపరేషను వాయిదా పడింది.

"ఇతనికి ఖాళీ కడుపు మీద షుగరు తగ్గించే బిళ్ళ పడింది. ఎవరిచ్చారు?" అన్నాడు డాక్టరు.

ఆ వార్డులో షుగరు బిళ్ళ ఒక్కరికే, షుగరు ఎక్కువై ఏడాదికి రెండుసార్లు వచ్చి చేరే పదకొండో మంచం గవర్రాజుకి. రిజిస్టరులో గవర్రాజు ఎదురుగా టిక్కు ఉంది. గవర్రాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చిట్టెమ్మని పిలిచారు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. "గవర్రాజూ అని పిలిసినానమ్మా. ఈ బాబే ఆఁ అన్నాడు. సెయ్యి కూడా ఎత్తినాడు. నా ఎదురుగా మింగీసినాడు. అప్పుడే టిక్కు ఎట్టినాను."

"చలమయ్యా, నువ్వు ఆఁ అన్నావా?"

చలమయ్య కళ్ళు మూసుకున్నాడు. ఒంట్లో బాగాలేని మనిషిని ఇంకేం అడుగుతారు?

"పేరు పిలవలేదు నువ్వు!" అని కనకరత్నం గారు చిట్టెమ్మ మీద విరుచుకుపడ్డారు. వరండా అంతా వినిపించేలా. "మంచం చూసి ఇచ్చేశావు! మూడేళ్ళ నుంచి మొత్తుకుంటున్నానమ్మా! గోడకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేది!"

చిట్టెమ్మ ఏడుస్తూ కూడా, "పిలిసినానమ్మా" అనే అంది.

ఆ మధ్యాహ్నానికే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు అచ్యుతరామయ్య గారు చిట్టెమ్మని పని మానిపించారు. సోమవారం విచారణ, ఆ తర్వాత పేరు కొట్టివేత. టెంపరరీ మనిషికి అంతకన్నా కాగితాలు అక్కర్లేదు. ఆమె ఇద్దరు పిల్లలనీ చెరో చేత్తో పట్టుకుని వచ్చి, ఆసుపత్రి గేటు బయట కూర్చునేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. సిస్టరు లోపలికి వచ్చేటప్పుడు చూసి, లేచి దండం పెట్టేది. అది సిస్టరుకి మరీ విసుగ్గా ఉండేది. "తిట్టినా బాగుండును కదండీ" అన్నారు నాతో.

శనివారం పొద్దున మనిషి లేక సిస్టరే పొట్లాలు తీసుకుని వార్డులోకి వెళ్ళారు. లెక్కలు సరిచూడడానికి నన్నూ రమ్మన్నారు. నేను వెనకాల రిజిస్టరు పట్టుకుని నడిచాను. కొందరు పలికారు, కొందరు మూలిగారు.

"గురువులు!"

"ఆఁ!" అని కిటికీ దగ్గర్నుంచి గొంతు వచ్చింది.

ఆమె రెండడుగులు వేసి ఆగిపోయారు. గురువులు ముందురోజు సాయంత్రమే డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళిపోయాడు. పేరు కొట్టేయడం మరిచిపోయి పొట్లం కట్టింది నేను. అది నా తప్పు, దాని గురించి తర్వాత చీవాట్లు పడ్డాయి నాకు. కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నది కరీం. రేవులో గోనెసంచులు కుట్టేవాడు, చేతికి సూది దిగి చీము పట్టి వచ్చాడు.

"ఏం కరీం, ఎప్పట్నుంచి గురువులయ్యావ్?"

కరీం ఉలిక్కిపడి తిరిగాడు. "నాను కాదమ్మా."

"మరి ఆఁ అన్నావేం?"

"గురువులు లేడు కదమ్మా. అందుకే."

"లేడు కాబట్టి నువ్వు పలికావా?"

"ఉంటే ఆడే పలుకుతాడు కదమ్మా," అన్నాడు కరీం, ఆమెకే ఏదో అర్థం కావడం లేదన్నట్టు.

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. పొట్లాల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "చెప్పు. మొదట్నుంచీ చెప్పు" అన్నారు.

కరీం చెప్పింది ఇంతే. రేవు గేటు దగ్గర పొద్దున్నే మేస్త్రి మస్టరు, అంటే హాజరు పట్టీ, తీసి కూలీల పేర్లు పిలుస్తాడు. పిలిచినప్పుడు పలకకపోతే పేరు ఎదురుగా ఎర్ర ఇంటూ పడుతుంది. మూడు ఇంటూలు పడితే గ్యాంగులోంచి పేరు కొట్టేస్తారు. అందుకని రాని మనిషి పేరు ఎవరో ఒకరు పలుకుతారు. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు. ఏళ్ళ తరబడి అలవాటు, నిద్రలో పిలిచినా గొంతు దానంతటదే లేస్తుంది. ఇక్కడా సిస్టరమ్మ పేర్లు పిలుస్తోంది, ఎర్ర సిరాతో ఇంటూలు పెడుతోంది. ఆ రిజిస్టరు కంపెనీకి వెళుతుందనే వార్డంతా అనుకున్నారు.

"నా రిజిస్టరు మస్టరనుకున్నారా!" అన్నారామె.

అప్పుడు పన్నెండో మంచం మీద చలమయ్య లేచి కూర్చున్నాడు.

"అమ్మగోరూ, ఆ పిల్ల తప్పు లేదండి. పిలిసింది. నానే పలికినాను. మా గవర్రాజు బావ లేడు మరి."

"ఎక్కడికి వెళ్ళాడు మీ బావ?"

పదకొండో మంచం దుప్పటి కింద నుంచి, "టీకండి" అని వచ్చింది.

"పంచదార వేసిందా?"

దుప్పటి ఇంకాస్త పైకి జరిగింది.

"సరే, పలికావు," అన్నారామె చలమయ్యతో. "మింగడం దేనికయ్యా? వాడి మాత్ర నువ్వెందుకు మింగావు?"

"సెయ్యెత్తితే సరిపోద్దనుకున్నానండి. మస్టరు కాడ అంతే కదా. ఆ పిల్ల గ్లాసు అట్టుకుని నిలబడిపోయింది. నానేటి సేత్తాను? మింగినాక గాని ఎల్లదంట. మీరే సెప్పినారంట."

"నీకు నోట్లో నీళ్ళు తప్ప ఏమీ పోయకూడదని చెప్పాను కదా!"

"ఆ నీళ్ళతోనే మింగినానండి."

నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో ఆమె నావైపు చూశారు. నేను రిజిస్టరులోకి చూశాను.

"ఇది కాయితం మీద ఎక్కితే మస్టరు సంగతి మేస్త్రికి తెలిసిపోద్దండి," అన్నాడు చలమయ్య చిన్నగా. "గ్యాంగు గ్యాంగంతా పోతాది. అందుకే నాను నోరు మూసుకున్నాను. ఆ పిల్లకి అన్యాయం సేసినాననే ఉంది గాని..."

ఆ రోజంతా ఆమె ఎవరినీ తిట్టలేదు. ఆయాలు భయపడ్డారు.

సోమవారం విచారణకి ముందు అచ్యుతరామయ్య గారు ఆమెని గదిలోకి పిలిచారు. మందుల స్టాకు కాగితాలతో నేనూ అక్కడే ఉన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఏ పనైనా పన్నెండు లోపల తేలిపోవాలి, అంతే.

"సిస్టర్, మీ పద్ధతి రైటు. ఆ అమ్మాయి పాటించలేదు. రెండు ముక్కలు రాసివ్వండి. వచ్చే నెల మీ మాట్రన్ ఆర్డరు కూడా రావాల్సి ఉంది, ఈ మచ్చ మీ మీద ఎందుకు?"

"ఆ అమ్మాయి పాటించిందండీ. ఒక్క ముక్క తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేది, ఆయనకి ఏమీ అయ్యేది కాదు."

"అదేం మాటండీ? మరి ఆ రోగి ఎందుకు పలికాడు?"

మస్టరు మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిందని నాకు తెలుస్తూనే ఉంది.

"మనిషి పడుకుని ఉంటే, పక్కన ఎవరో గట్టిగా ఓ పేరు పిలిస్తే ఆఁ అంటాడండీ. నీరసంలో ఉన్నవాడు దేనికైనా ఆఁ అంటాడు. పేరు మనం చెప్పి, ఔనా అంటే ఔననే అంటాడు. ఆ పద్ధతి పెట్టింది నేను. తప్పు పద్ధతిది."

"అలా రాస్తే మీరు బాధ్యులవుతారు."

"కాంపౌండరు గారూ, మీ దగ్గర కలం ఉందా?"

నా కలం ఆ రోజు సరిగ్గా నడవలేదు. విదిలించారు, నా చొక్కా మీద చుక్కలు పడ్డాయి. "ఈ ఆసుపత్రిలో రాసే కలం ఒక్కటైనా లేదు" అని విసుక్కుంటూనే అయిదు వాక్యాలు రాశారు. అందులో చిట్టెమ్మ తప్పు లేదు. మస్టరు లేదు, టీ లేదు. మొదటి వాక్యం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది: 'ఈ పొరపాటుకి కారణం నేను నేర్పిన పాఠం.'

అచ్యుతరామయ్య గారు రెండుసార్లు చదువుకుని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీలాంటి వాళ్ళతో పని చేయించడం కన్నా ఓడ సరుకు దింపుకోవడం సులువండీ" అన్నారు.

చిట్టెమ్మ మర్నాడు పనిలోకి వచ్చింది. మాట్రన్ కుర్చీలోకి బయటి నుంచి ఎవరో వచ్చారు. ఆ వచ్చినావిడకి క్లాసులంటే నమ్మకం లేదు. మిగతా రెండు వార్డుల్లో మాత్రలు మునుపట్లాగే గుప్పిళ్ళలో నడిచాయి. ఆ సంగతి ఎత్తితే కనకరత్నం గారు, "నన్ను అడక్కండి" అని వెళ్ళిపోయేవారు.

మంగళవారం క్లాసు మాత్రం మానలేదు. కొత్త పాఠం: పేరు మీరు చెప్పకండి, వాళ్ళ చేత చెప్పించండి. ఇంత చిన్న మాట నేర్పడానికి ఆమెకి ఏడాది పట్టింది.

"నీ పేరు గవర్రాజే కదా బాబూ?" అనేది రసూల్ బీ, అలవాటుగా.

"కదా అనకు! పేరు అనకు! పేరేంటి అని అడిగి నోరు మూసుకో!"

"తెలిసిన మనిషిని పేరేంటని అడిగితే కోపం వస్తది సిస్టరమ్మా. నిన్న గవర్రాజు, మతి పోయిందా బూబమ్మా అన్నాడు."

"అననీ!"

ఓ నెల ఆడవార్డు కూడా ఆమే చూడాల్సి వచ్చినప్పుడు, అక్కడ ఇద్దరు మంగాయమ్మలు పడి ఇంకో తంటా. పేరుతో తేలలేదు కనుక భర్త పేరు అడగమన్నారు. ఇద్దరూ ఛస్తే చెప్పలేదు. మొగుడి పేరు నోటితో ఎలా అంటారు? పక్క మంచాలవాళ్ళు పోటీపడి చెప్పారు, అదీ తలకిందులుగా. "నేనేం పాపం చేశానండీ" అని నా కిటికీ ఊచలకి తల ఆనించుకున్నారామె. మర్నాటి నుంచి పేరు తర్వాత ఊరి పేరు అడగడం మొదలుపెట్టారు. నా పొట్లాల మీద ఊరు కూడా చేరింది. నా వేళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

ఎనభై అయిదులో ఆమె రిటైరయి పెందుర్తిలో తమ్ముడి ఇంట్లో ఉండేవారు. ఆసుపత్రి మూసేశాక చిట్టెమ్మ మద్దిలపాలెం దగ్గర ఒక నర్సింగ్ హోములో చేరింది. కొత్త పిల్లలకి మందులివ్వడం తనే నేర్పేది. ఎనభై ఎనిమిదిలో కనకరత్నం గారికి షుగరు వల్ల కాలి పుండు మానక అక్కడే చేర్చారని తెలిసి, చూడడానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని, జామపళ్ళు సరిగా కడగలేదని ఎవరినో తిడుతున్నారు. నన్ను చూసి, "పుస్తకం తెచ్చుకున్నారా, లేదా?" అన్నారు. తెచ్చుకున్నాను.

పదకొండింటికి చిట్టెమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది. వెనకాల ఇద్దరు కొత్త అమ్మాయిలు. చేతిలో పొట్లం, గ్లాసు.

"పేరు సెప్పండమ్మా."

కనకరత్నం గారు ఆమెని తేరిపార చూశారు. "ఏంటే?"

"పేరండి."

"ఏడేళ్ళు నా కింద పని చేశావు. నీ కూతురి పెళ్ళికి వచ్చి అక్షింతలు వేశాను. నా పేరు తెలీదా నీకు?"

"తెల్సమ్మా. మీరు సెప్పండి."

"చూశారా కాంపౌండరు గారూ, దీని పొగరు!"

ఆమె అవస్థ చూడలేక నేను నోరు తెరిచాను.

"బాబూ, మీరు ఊరుకోండి," అంది చిట్టెమ్మ నావైపు చూడకుండానే. "ఎవులి పేరు ఆళ్ళే సెప్పాల."

కొత్త అమ్మాయిల్లో ఒకత్తె నవ్వు ఆపుకుంది. కనకరత్నం గారు మొహం గోడవైపు తిప్పుకున్నారు. బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి.

"కనకరత్నం," అన్నారు చివరికి, గోడతో. "ఊరు నర్సాపురం. చాలా? ఇలా తగలెయ్."

మాత్ర అందుకున్నారు. చిట్టెమ్మ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఇంకా ఏంటి? వెళ్ళు."

"మింగండమ్మా. మింగినాక ఎల్తాను."